జేమ్స్ ఐవరీ: మర్యాద చాటున మిగిలిపోయిన మాటలు.. చూడదగిన ఐదు చిత్రాలు

గతకాలపు కథలను తెరకెక్కించిన దర్శకులలో అమెరికాకు చెందిన జేమ్స్ ఐవరీది విశిష్ట స్థానం. యుద్ధాలు, పట్టాభిషేకాలు ఆయన చిత్రాలకు ఇతివృత్తాలు కావు. పరువు కోసం, పదవి కోసం మనుషులు చెప్పకుండా దాచుకున్న మాటలు, వాటికి వారు చెల్లించిన మూల్యమే ఆయన ప్రధాన వస్తువు.

1928లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జన్మించిన ఐవరీ, ముంబయికి చెందిన నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్‌తో కలిసి 1961లో 'మర్చంట్ ఐవరీ ప్రొడక్షన్స్'ను స్థాపించారు. నాడు ఢిల్లీలో నివసిస్తున్న రచయిత్రి రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా వారికి తోడయ్యారు. ఆమె నవల ఆధారంగా తీసిన 'ది హౌస్‌హోల్డర్' (1963) వారి తొలి కథాచిత్రం. ఇందులో శశి కపూర్ సరసన నటించిన లీలా నాయుడు, మదనపల్లెకు చెందిన శాస్త్రవేత్త రామయ్య నాయుడి కుమార్తె.

హీట్ అండ్ డస్ట్ (1983)
ఝాబ్‌వాలాకు 1975లో బుకర్ బహుమతి తెచ్చిన నవల దీనికి మూలం. 1920లలో ఒక బ్రిటిష్ అధికారి భార్య సంస్థానాధీశుడైన నవాబుకు చేరువవుతుంది. దశాబ్దాల తర్వాత ఆమె జీవితాన్ని వెదుక్కుంటూ అదే కుటుంబానికి చెందిన మరో యువతి భారత్‌కు వస్తుంది. ఇద్దరికీ ఒకే విధమైన పరిస్థితి ఎదురవుతుంది. కాలం మారినందున నిర్ణయాలు వేరవుతాయి. హైదరాబాద్‌లో చిత్రీకరణ జరగడం తెలుగు ప్రేక్షకులకు అదనపు ఆసక్తి.

ఎ రూమ్ విత్ ఎ వ్యూ (1985)
ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల ఆధారం. ఫ్లారెన్స్ విహారయాత్రలో కలిగిన ప్రేమను ఒప్పుకోలేక, ఇంగ్లండ్‌లో మరొకరితో నిశ్చితార్థానికి సిద్ధపడే లూసీ కథ ఇది. అయిదింటిలో ఉల్లాసంగా సాగేది ఇదే. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు, మూడు పురస్కారాలు పొందింది.

మారిస్ (1987)
స్వలింగ సంబంధాలు నేరమైన ఇంగ్లండ్‌లో ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థుల ప్రేమ. ఒకరు భయంతో వివాహం చేసుకుంటారు, మరొకరు ధైర్యం చేస్తారు. ఫార్‌స్టర్ మరణానంతరమే, 1971లో, మూల నవల వెలువడింది. వెనిస్ చిత్రోత్సవంలో ఐవరీకి సిల్వర్ లయన్ లభించింది.

హోవర్డ్స్ ఎండ్ (1992)
మరణశయ్యపై ఉన్న ఇల్లాలు తన ఇంటిని స్నేహితురాలికి ఇవ్వాలని పెన్సిల్‌తో రాసిన చీటీని కుటుంబ సభ్యులు కాల్చివేస్తారు. ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నలోనే ఇంగ్లండ్ ఎవరిదన్న ప్రశ్న ఇమిడి ఉంది. సంపన్నుల సలహా నమ్మి ఉద్యోగం పోగొట్టుకున్న గుమస్తా పాత్ర చిత్రానికి ఆయువుపట్టు. ఎమ్మా థాంప్సన్‌కు ఉత్తమ నటిగా, ఝాబ్‌వాలాకు స్క్రీన్‌ప్లేకు ఆస్కార్‌లు దక్కాయి.

ది రిమెయిన్స్ ఆఫ్ ది డే (1993)
ఐవరీ దృష్టి అత్యంత లోతుగా కనిపించేది ఇందులోనే. మేడపై తండ్రి మరణించిన రాత్రి కూడా క్రింద అతిథులకు సేవ చేస్తూనే ఉంటాడు బట్లర్ స్టీవెన్స్ (ఆంథోనీ హాప్కిన్స్). యూదులైన ఇద్దరు పనిమనుషులను తొలగించమని యజమాని ఆజ్ఞాపిస్తే శిరసావహిస్తాడు. తనను ప్రేమించిన మిస్ కెంటన్‌కు ఒక్క మాటా చెప్పలేకపోతాడు. విధేయత సద్గుణమా, బాధ్యత నుంచి తప్పించుకునే మార్గమా అన్న ప్రశ్న ప్రేక్షకుడికే మిగులుతుంది. ఎనిమిది నామినేషన్లు పొందినా ఒక్క ఆస్కార్ కూడా రాలేదు.

మర్చంట్ 2005లో, ఝాబ్‌వాలా 2013లో కన్నుమూశారు. దర్శకుడిగా మూడుసార్లు నామినేట్ అయినా దక్కని ఆస్కార్, 'కాల్ మి బై యువర్ నేమ్' స్క్రీన్‌ప్లేకు 2018లో, 89 ఏళ్ల వయసులో ఐవరీని వరించింది. ఆయన చిత్రాలను తొలిసారి చూసేవారు 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ'తో ప్రారంభించి, 'ది రిమెయిన్స్ ఆఫ్ ది డే'తో ముగించడం మేలు. సమయానికి చెప్పిన మాట జీవితాన్ని ఎలా నిలబెడుతుందో మొదటిది, చెప్పని మాట ఎలా హరిస్తుందో రెండవది చూపుతాయి.