గుఱ్ఱపు సజ్జ: చరిత్రయు వినియోగమును

తెలుగువారు తరతరములుగా నివసించుచున్న హోసూరునకు గుఱ్ఱములతో సన్నిహిత సంబంధము కలదు. 1824లో కంపెనీ ప్రభుత్వము సైనికాశ్వముల పెంపకమునకును శిక్షణకును ఇచట నొక క్షేత్రమును నెలకొల్పెను. నేడది తమిళనాడు ప్రభుత్వపు పశుక్షేత్రము. దాని చేరువనే పెరుగుచున్న మా విద్యార్థులను ఒకనాడు “అంకవన్నె యనగా నేమి?” యని యడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. రౌతు పాదము మోపు వలయమే అంకవన్నె, దానినే రికాబందురు.

క్రీ.పూ. 1వ శతాబ్దినాటి సాంచి శిల్పములలో రౌతు పాదమును ఆనించు పట్టీ కానవచ్చును. పాదమును చక్కగా మోపుటకు వీలగు జోడు అంకవన్నెలు చైనాలో క్రీ.శ. 415 నాటి ఫెంగ్ సూఫూ సమాధిలో దొరికినవి. 16వ శతాబ్దిలో విజయనగరమును వర్ణించిన న్యూనిజు, రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెనని వ్రాసెను. హంపి హజార రామాలయ ప్రాకారముపై నేటికిని గుఱ్ఱముల వరుసలను చూడవచ్చును. జీను పారసీక పదము. రికాబు అరబ్బీనుండి పారసీకము ద్వారా వచ్చినది. కళ్లెమునకు ఖలీనమనియు, పగ్గమునకు వల్గ యనియు సంస్కృత నామములు. ఒక్క గుఱ్ఱమునకు తొడిగిన సజ్జలో ఇన్ని భాషలు కలిసినవి!

అంకవన్నె రౌతునకు నిలుకడ నిచ్చినది. అపాయమును గూడ తెచ్చినది. పాదము లోనికి దూసికొనిపోయినచో, పడిన రౌతును గుఱ్ఱము ఈడ్చుకొనిపోవును. కావున అంకవన్నె పాదరక్షకంటె కొంచెము వెడల్పుగా నుండవలెను. పాదరక్షకు మడమ యుండవలెను. పాదపు ముందుభాగమునే మోపి, మడమను క్రిందికి దించవలెను. జీను గుఱ్ఱము వెన్నెముకను ఒరయరాదు, ఒరసినచో పుండగును. జీను కట్టునపుడు కొన్ని గుఱ్ఱములు పొట్ట నుబ్బించును. కొన్ని యడుగులు నడిపించి, ఎక్కుటకు ముందు పొట్టక్రింది పట్టీని మరల బిగింపవలెను. కళ్లెపు కడ్డీ ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని చోట నిలుచును. అది మెత్తని చోటు. పగ్గమును కుదిపి లాగుట క్రూరము. అతుకులు, తోలు పగుళ్లు ప్రతిదినము చూడవలెను.

పట్టీ తెగినపుడు దాని పేరు తెలియనివాడు తోడివానికి కేక వేసి చెప్పజాలడు. మన పెద్దలలో గుఱ్ఱపుసాలల పనిని, జట్కాల పనిని ఎఱిగినవారు ఇంకను కొందఱుందురు. వారి నోటనున్న సజ్జ పేర్లను మన పాఠశాలల పిల్లలు ఇప్పుడే అడిగి వ్రాసికొందురు గాక.