ఉత్తరాంధ్రమున సాంకేతిక విద్య

ప్రాచీనులు కళలు 64 అని లెక్కించిరి. వాత్స్యాయనుని పట్టికలో గీతనృత్యములతోపాటు వడ్రంగమునకు చెందిన తక్షణము, గృహనిర్మాణమునకు చెందిన వాస్తువిద్య, లోహములను గూర్చిన ధాతువాదము కూడ కలవు. పాటకును బాడిసకును ఒకే పంక్తిలో పీట వేసిన దేశము మనది. అయితే శుక్రనీతి విద్యకును కళకును ఒక భేదము చూపినది. వాక్కుచే నడచునది విద్య. మూగవాడును చేయగలిగినది కళ. ఈ భేదము ఎవరిని నిందించుటకును చెప్పినది కాదు. కాని కాలక్రమమున మాట గలవాడు అరుగుమీదను, పని గలవాడు కొట్టములోను మిగిలిపోయిరి. పనివానికి తెలిసినది గ్రంథమున కెక్కలేదు. గ్రంథము చదివినవానికి పని తెలియలేదు. సాంకేతిక విద్య యని నేడు వ్యవహరించునది ఈ రెంటిని కలుపుటకు జరిగిన ప్రయత్నమే. ఆ ప్రయత్నము మన సీమకు ఎట్లు వచ్చెనో, ఎవరి ధనముతో వచ్చెనో, ఎచ్చట ఆగెనో తెలిసికొనదగినది.

శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను ప్రత్యేక జిల్లాలైనవి. అంతకుముందు ఈ సీమలో అధికభాగము విశాఖపట్టణము జిల్లాయే. విజయనగరమున మహారాజావారి పాఠశాల 1857లో వెలసి 1879లో కళాశాల యయ్యెను. అది ఎందరో పండితులను, ఉద్యోగులను తీర్చిదిద్దినది. కాని ఇంజనీరింగు చదువవలెనన్న బాలుడు మదరాసు చేరవలసియుండెను. గిండీ కళాశాలకు మూలమైన సర్వే పాఠశాల అచ్చట 1794లోనే వెలసినది. కాశీ విశ్వవిద్యాలయమున 1919లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడిన పిదప మరియొక దారి తెరచుకొనెను. ఈ రెండును దూరమార్గములే. సామాన్య రైతుబిడ్డకు అవి కాశీరామేశ్వరముల వంటివే. వినుటకే గాని వెళ్లుటకు కావు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు నెలకొని 1930లో వాల్తేరునకు తరలెను. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవి స్వీకరించిరి. అది ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించిన కాలము. ధాన్యమునకు ధర లేదు, శిస్తు కట్టుటకు రైతువద్ద సొమ్ము లేదు. అట్టి సమయమున విశ్వవిద్యాలయమునకు అండగా నిలిచినవారు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు. 1931లో సంస్థానాధిపత్యము వహించిన ఆయన సంస్కృతాంధ్రోత్కళ భాషలలో కవి. ఏటేట లక్ష రూపాయలు విశ్వవిద్యాలయమునకు విరాళముగా ఇచ్చిరి. అందుకే అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాల జయపుర విక్రమదేవ కళాశాల యని ఆయన పేర వెలసెను.

ఇందొక లెక్క మరువరానిది. జయపురము అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు అందు చేరినది. సంస్థానము ఆదాయమున పెద్దభాగము కొండలలో దుక్కిదున్ని శిస్తు చెల్లించినవారి కష్టము. దాత కీర్తికి లోపము లేదు. కాని కొండసీమ చెల్లించిన ధనము కడలితీరమున విద్యగా జమపడెనని చెప్పుటయు సత్యమే. ఆ కొండవారి బిడ్డలు ఆ విద్యాలయపు వాకిటికి అందరికంటె కడపట చేరిరి.

రసాయన సాంకేతిక శాఖ 1933లో ప్రారంభమయ్యెను. బొంబాయి విశ్వవిద్యాలయమున అట్టి శాఖ నెలకొన్నదియు ఆ సంవత్సరమే. విశాఖపట్టణమున రేవు తెరచినదియు ఆ సంవత్సరమే. తొలినాళ్ల బోధనలో చక్కెర తయారీకి ముఖ్యస్థాన ముండెను. అది యాదృచ్ఛికము కాదు. 1932లో ప్రభుత్వము చక్కెర పరిశ్రమకు రక్షణచట్టము చేసినది. దేశమున 30 ప్రాంతములో నున్న చక్కెర మిల్లులు నాలుగైదు సంవత్సరములలో 130కి మించినవి. అనకాపల్లియందు చెరకు పరిశోధన కేంద్రము 1913 నుండి పనిచేయుచునే యుండెను. పంట ఉన్నది, మిల్లు ఉన్నది. మిల్లు నడుపగల మనిషి కావలసియుండెను.

ఇచ్చట కళయు విద్యయు ఎట్లు కలిసికొనెనో చెరకు తోటలోనే చూడవచ్చును. నరికిన చెరకు నిలువయుంచరాదని ప్రతి రైతునకు తెలియును. నిలువయున్నకొలది రసములోని చక్కెర విడిపోయి గడ్డకట్టని వేరు తీపులుగా మారునని రసాయన శాస్త్రము కారణము చెప్పినది. బెల్లము వండువాడు రసమున కొంచెము సున్నము వేయును. ఎక్కువైన బెల్లము నల్లబడునని అతడెరుగును. సున్నము రసములోని పులుపును విరిచి మడ్డిని అడుగునకు దించునని శాస్త్రము వివరించినది. పాకమును చల్లని నీటిలో వేసి వ్రేళ్లతో నొక్కి పదును చూచుట వంటవాని నేర్పు. అదే పదునును మిల్లులో ఉష్ణమాపకముతో కొలుతురు. గాలి తీసివేసిన పాత్రలో తక్కువ వేడికే రసము మరగునట్లు చేసి చక్కెర మాడకుండ కాచుదురు. వంటవాని నేర్పు అతనితో పోవును. కొలతకు వచ్చిన నేర్పు వేయిమందికి చెప్పవచ్చును. మూగకళకు మాట వచ్చుట యనగా ఇదియే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ విద్య అవసరము మరింత తెలిసినది. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948లో జలఉష యను నౌకను నెహ్రూగారు సముద్రప్రవేశము చేయించిరి. ఈ రెంటి నడుమ, 1946లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు శాఖ తెరచినది. ఆ యేడే మదరాసు ప్రభుత్వము విశాఖపట్టణము పేర మరియొక ఇంజనీరింగు కళాశాల స్థాపించి కాకినాడలో నడపెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. చదువు ముగించిన యువకునకు కూతవేటు దూరమున కర్మాగారపు కూత వినవచ్చెను.

అయితే ఈ ప్రవాహము కొన్ని మడులకు పారలేదు. పొందూరున కొండపత్తిని వాలుగచేప దవడఎముకతో దువ్వి సన్ననూలు వడకుదురు. ఆ ముండ్ల వరుస దూదిలోని చెత్తను తీసి పోగులను ఒక్క దిక్కునకు సరిచేయును; పెద్ద నూలుమిల్లులో ఉక్కుయంత్రము చేయు పనియు అదే. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగను తొలిచి చేయుదురు. కర్ర ఎంత పలుచనైన నాదము ఎట్లు పలుకునో తొలుచువాని చేతికి తెలియును. శ్రీకాకుళము జిల్లా బుడితిలో కంచు ఇత్తడి పాత్రల పనివారు లోహము కరగిన జాడను రంగును బట్టి గుర్తింతురు. ఇవి యన్నియు బోధింపదగిన శాస్త్రములే. కాని చెరకునకు దొరకిన గౌరవము వీటికి దొరకలేదు. వెనుక మిల్లు ఉన్న పనికి మాత్రమే విశ్వవిద్యాలయము మాట నిచ్చినది. పనివాని కుమారుడు చదువుకొనిన తండ్రి పని వదలును. పని పట్టిన చదువు వదలును. ఈ రెండు నష్టములలో ఒకదానిని కోరుకొనుమని బిడ్డను అడుగుట న్యాయము కాదు.

ఇటీవలి కాలమున విద్యాలయములు మన ఊళ్ల సమీపమునకే వచ్చినవి. 2007లో విజయనగరమున జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి కళాశాల నెలకొని, 2022లో గురజాడ పేర ప్రత్యేక విశ్వవిద్యాలయ మయ్యెను. 2008లో శ్రీకాకుళము వద్ద ఎచ్చెర్లయందు అంబేడ్కరు విశ్వవిద్యాలయము ఏర్పడెను. 2019 నాటి చట్టముతో విజయనగర ప్రాంతమునకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము లభించెను. కొండసీమకు చెల్లవలసిన పాత ఋణములో ఇది మొదటి వాయిదా యనవచ్చును. గిండీకి పోలేక చదువు మానిన తాత మనుమరాలు నేడు బస్సెక్కి పోయి సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నది.

దారి దగ్గరైనది గనుక ఆ దారిని మన పనులు కూడ నడువవలెను. గ్రామ గ్రంథాలయము ఇందుకు చేయగలిగినది కలదు. పొందూరు, బొబ్బిలి, బుడితులయందేకాక ప్రతి ఊరను బెల్లము వండువారు, నాగలి చెక్కువారు, సాలెవారు వృద్ధులై యున్నారు. వారి పనిముట్ల పేర్లు, కొలతలు, పదును తెలియు గుర్తులు, చెడిన పనిని సరిదిద్దు ఉపాయములు వారినోట విని యథాతథముగా ఒక పుస్తకమున వ్రాయించి, చెప్పినవారి పేరుతో బీరువాలో నుంచవచ్చును. ఇందుకు విశ్వవిద్యాలయము అక్కరలేదు; కాగితము, కలము, ఓపికగల విద్యార్థి చాలును. రేపు ఆ ఊరి బాలుడో బాలికయో ఇంజనీరింగు శాలలో శాస్త్రము చదివి వచ్చి ఆ పుస్తకము తెరచినచో, తాతల చేతిపనికి కారణము వెదకుటకు ఆధార ముండును. వ్రాసియుంచని యెడల, ఆ ప్రశ్న అడుగవలెనన్న తలంపే వారికి కలుగదు.