ముద్దాయి నుంచి న్యాయవాది దాకా

ఒక మాటతో మొదలుపెడదాం. 'ముద్దాయి' అన్న పదం అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా మన కోర్టుల్లోకి వచ్చింది. దాని అసలు అర్థం దావా వేసినవాడు. తెలుగులో మాత్రం ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఈ తారుమారుకు భాషాశాస్త్రజ్ఞులు తమ కారణాలు తాము చెబుతారు. అయితే పాత నల్లగొండ జిల్లా చరిత్ర తెలిసినవారికి అందులో ఒక సామాజిక సత్యం కూడా తోస్తుంది. ఇక్కడ అన్యాయం జరిగిందని నోరు తెరిచినవాడే చాలాసార్లు బోనెక్కాడు.

ఈనాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చదువుకునే పేదింటి పిల్లలకు న్యాయశాస్త్రం అందరాని పండేమీ కాదు. ఇంటర్ అయ్యాక ఐదేళ్ల కోర్సు ఉంది. ఊళ్లోని ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ ముగించి, లాసెట్ రాసి, ఉస్మానియాలోనో మరోచోటో మూడేళ్లు చదివే దారీ ఉంది. దగ్గరి కాలేజీ నుంచి దూరపు విశ్వవిద్యాలయానికి పోయే ఈ రెండంచెల దారి చూడటానికి మామూలు విషయం. కాని దాని వెనుక ఒక చరిత్ర ఉంది. ఈ ప్రాంత ప్రజలు నేరన్యాయాన్ని మొదట తరగతి గదిలో నేర్చుకోలేదు. గడీలోనూ, ఠాణాలోనూ, జైలులోనూ నేర్చుకున్నారు.

నిజాం పాలనలో గ్రామానికి నేరన్యాయమంటే పోలీస్ పటేల్. అతని పక్కన మాలీ పటేల్, పట్వారీ. వారందరి మీదా దేశ్‌ముఖ్. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమి ఒక్కడి చేతిలో ఉన్నచోట ఫిర్యాదు చేసుకోవడానికి వేరే గడప ఉంటుందా? విచారించేవాడూ, శిక్షించేవాడూ, వెట్టి చేయించుకునేవాడూ ఒక్కడే. పైగా పైకోర్టుల భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగు రైతుకు ఆ భాషలో మిగిలినవి కొన్ని మాటలే: ఫిర్యాదు, జామీను, వకాల్తా, పంచనామా, వాయిదా, హాజరు. ఇవి పుస్తకం చదివి నేర్చిన మాటలు కావు. భయంతో నేర్చిన మాటలు.

ఆంధ్ర మహాసభ ఈ స్థితిని మార్చింది. 1944లో భువనగిరి మహాసభ తర్వాత అది పల్లెల్లో 'సంఘం' అయింది. రైతు తన తగాదాను గడీకి కాక సంఘానికి తెచ్చుకోసాగాడు. అదే సమయంలో సంఘం కోర్టును వదిలిపెట్టలేదని మనం గమనించాలి. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు భూమిపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నేశాడు. సంఘం వారిపై కేసులు పెట్టించాడు. కోర్టు ఐలమ్మ పక్షాన తీర్పు చెప్పింది. చట్టంలో సందు ఉంటే దానినీ వాడుకోవచ్చని జనం తెలుసుకున్నారు. అయితే కాగితం మీద గెలుపు పొలంలో గెలుపు కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. ఆ తర్వాత చరిత్ర మరో మలుపు తిరిగింది.

ఇక్కడ మన వ్యాసానికి కీలకమైన ఘట్టం వస్తుంది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగిన తర్వాత మిలిటరీ గవర్నరు పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. హత్యానేరాల కింద తెలంగాణ పోరాట ఖైదీలు పన్నెండు మందికి 1949లో అవి ఉరిశిక్ష వేశాయి. హైకోర్టు ఆ ఏడాదే అప్పీళ్లు కొట్టివేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ప్రసిద్ధ బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో ఖైదీల తరఫున వాదించాడు. హైకోర్టు తీర్పు రాజ్యాంగానికి ముందే వచ్చింది కనుక దానిపై సుప్రీంకోర్టుకు అప్పీలు లేదన్నారు. కొద్ది వారాల తేడా మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది!

విచారణ సమయంలో తమకు న్యాయవాది సహాయం అందలేదన్నది ఖైదీల మరో వాదన. 1951 తీర్పులో న్యాయమూర్తులు ఈ సందర్భంగా అమెరికాలోని పావెల్ వర్సెస్ అలబామా కేసును ప్రస్తావించారు. స్కాట్స్‌బరో పట్టణంలో నల్లజాతి యువకులకు సరైన న్యాయవాది లేకుండానే మరణశిక్షలు పడితే, 1932లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని రద్దు చేసిన కేసు అది. తెలంగాణ ఖైదీలకు ఆ ఫలితం దక్కలేదు. ప్రజాందోళన ఫలితంగా చివరికి ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. అయినా పత్తి చేలలో చెమటోడ్చిన నల్లవారూ, దొర పొలాల్లో వెట్టి చేసిన తెలంగాణ పేదలూ ఒకే తీర్పు పుటల్లో పక్కపక్కన నిలిచారు. ఆ రెండుచోట్లా అడిగినది ఒక్కటే: నా తరఫున మాట్లాడేవాడెవడు?

ఈ ప్రశ్నకు భారత రాజ్యం మెల్లగా జవాబు చెప్పుకుంటూ వచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయ సహాయం ఆదేశిక సూత్రమైంది. 1979లో బీహారు విచారణ ఖైదీల కేసులో సుప్రీంకోర్టు దానిని న్యాయమైన విచారణలో భాగమన్నది. 1987లో న్యాయసేవల సంస్థల చట్టం వచ్చింది. కాని చట్టం కుర్చీ వేస్తే సరిపోదు. ఆ కుర్చీలో కూర్చునేవాడికి కక్షిదారు భాష, బాధ తెలియాలి. ఊరి కాలేజీ ప్రాధాన్యం ఇక్కడే ఉంది. నిజాం కాలంలోనే సూర్యాపేటలో విద్యార్థి వసతి గృహం నడిపి, 1952లో అక్కడినుంచే శాసనసభకు గెలిచిన బొమ్మగాని ధర్మభిక్షం జీవితం ఈ సంగతే చెబుతుంది. ఈ గడ్డ మీద అన్నం, చదువు, హక్కు వేర్వేరు ఉద్యమాలు కావు.

అయితే దారి పడిందని గమ్యం చేరినట్టు కాదు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చట్టాలు గోడలా అడ్డునిలుస్తాయి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పేరు సంస్కృతమయింది, పాఠం మాత్రం ఇంగ్లీషులోనే అతని చేతికొస్తుంది. తాత ఉర్దూలో వాయిదా విన్నాడు, మనవడు ఇంగ్లీషులో సెక్షన్లు బట్టీ పడుతున్నాడు. 1966లోనే తెలుగు అధికార భాషా చట్టం వచ్చినా, తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పు వెలువరించడం 2023 దాకా ఆగింది.

ఇంకొక సంగతి మనలను మనం ప్రశ్నించుకునేలా చేస్తుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. దళితుని హత్యకు శిక్ష పడటం ఈ జిల్లా చరిత్రలో చిన్న విషయం కాదు. మరి 1949 నాటి ఉరితాళ్లను వ్యతిరేకించిన సంప్రదాయం మనది. ఈ ఉరితాడును చూసి ఏమనాలి? మనవారికి పడితే అన్యాయం, పరులకు పడితే న్యాయం అనే తర్కం గడీ తర్కమే. హంతకునికి శిక్ష పడాలని, ఏ మనిషినీ రాజ్యం చంపరాదని ఒకే గొంతుతో అనగలగడం కష్టం. ఆ కష్టాన్ని ఎదుర్కోవడమే నేరన్యాయ విద్య.

రచయితలకూ ఇక్కడ పని ఉంది. మన కథల్లో కోర్టు చాలావరకు చివరి పేజీలో తీర్పు చదివే చోటుగానే మిగిలిపోయింది. వాయిదాకు బస్సెక్కే తల్లి, తనకు తెలియని భాషలోని వాంగ్మూలం కింద వేలిముద్ర వేసే కూలీ, తొలిసారి నల్లకోటు తొడుక్కున్న ఆమె కూతురు ఇంకా మన పుటల్లోకి పూర్తిగా రాలేదు. కోదాడ నుంచి లా కాలేజీకి బయలుదేరే ఆ అమ్మాయి వట్టి డిగ్రీ కోసం పోవడం లేదు. తాతల నాడు ఖాళీగా ఉండిపోయిన కుర్చీలో కూర్చోవడానికి పోతోంది. ముద్దాయి అన్న మాట అర్థం ఎన్నడో తారుమారైంది. దానిని మళ్లీ మార్చలేకపోయినా, ఆ మాట పడ్డ మనిషి ఒంటరిగా నిలబడే రోజును మార్చవచ్చు.