‘ట్రైబల్ రోగం’ అనే మాట ఎక్కడిది?

సికిల్ సెల్ పేరెత్తితే చాలు, క్లాసులో "అది ట్రైబల్స్ రోగం కదా" అంటారు. మన హాస్టళ్ళలో టెస్టు కార్డు వచ్చినోళ్ళు కొందరు దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాస్తున్నారు. అందుకే దీని చరిత్ర మేం కాస్త వెతికి చదివాం.

డాక్టర్లు మొదట వివరంగా రాసిన పేషెంట్ మనలాంటి స్టూడెంటే. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి 1904లో పళ్ళ డాక్టరు చదువు కోసం చికాగో వెళ్ళాడు. వయసు 20. ఆ చలికాలమే ఆస్పత్రిలో చేరాడు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే ఇంటర్న్ అతని రక్తం మైక్రోస్కోపులో చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్ని కొడవలిలా వంగి కనిపించాయి. సీనియర్ డాక్టర్ జేమ్స్ హెర్రిక్ 1910లో దానిమీద పేపర్ రాశాడు. అందులో నోయెల్ పేరే లేదు! నోయెల్ మాత్రం చదువు పూర్తిచేసి, గ్రెనడాకి తిరిగెళ్ళి ప్రాక్టీస్ పెట్టాడు. 1916లో, 32 ఏళ్ళకే న్యుమోనియాతో పోయాడు.

తర్వాత అమెరికాలో దీనికి "నల్లోళ్ళ రక్తం" అని ముద్ర వేశారు. తెల్లవాళ్ళలో ఎవరికైనా బయటపడితే వాళ్ళ వంశాన్నే అనుమానించారు.

మన దేశంలో 1952లో లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి ఆదివాసుల రక్తంలో దీన్ని చూశారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ కనిపించింది. వాళ్ళు బీహార్, ఒరిస్సాల నుంచి వలసెళ్ళినోళ్ళు. వెతికింది మన దగ్గర, దొరికింది మన దగ్గర, పేరూ మనకే పెట్టారు. ఆదివాసులు కానివాళ్ళలోనూ ఉందని తర్వాత తేలింది. గ్రీసులో ఉంది, తూర్పు సౌదీలో ఉంది.

ఈ చోట్లన్నిటినీ కలిపేది మలేరియా. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికా పిల్లల్ని పరీక్షించి దీన్ని చూపించాడు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క సికిల్ జన్యువే వచ్చిన పిల్లలు ప్రాణం తీసే మలేరియా నుంచి ఎక్కువగా బయటపడ్డారు, పెరిగి పిల్లల్ని కన్నారు. అలా ఆ జన్యువు నిలిచింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం రోగమే, వాళ్ళకి మలేరియా ఇంకా ప్రమాదం. 1879 రంప పితూరీ అణచడానికొచ్చిన సిపాయిలు మన్యం జ్వరాలతో మంచాన పడ్డారని చదివాం కదా. ఆ జ్వరాల మధ్యే మన తాతముత్తాతలు తరతరాలు బతికారు. గోండుల్లో, కోయల్లో ఈ జన్యువు కనిపించడంలో వింతేముంది?

మార్పు కూడా ఎంతని! 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు: హిమోగ్లోబిన్ గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం వేరు. శాపం కాదు, దేవత కోపం కాదు.

ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్ షాడోల్‌లో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి టెస్టులు చేయాలని అప్పుడు లక్ష్యం పెట్టుకుంది. టెస్టులో "క్యారియర్" అని వస్తే రోగి అని కాదు. పెళ్ళి ఆపాల్సిన పనీ లేదు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే పెళ్ళికి ముందే ఇద్దరి కార్డులూ చూసుకోవాలి. కార్డు అడుగుతున్నది అమ్మాయిని ఒక్కదాన్నే, అబ్బాయిని ఎవరూ అడగట్లేదు. ఇదెక్కడి న్యాయం?

సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో ఇది చదివి వినిపించండి. గోండిలో, కోయలో, సవరలో ఎవరైనా రాసిస్తే ఇక్కడే పెడదాం.