కుటుంబ దుకాణంలో భార్య హక్కులు

దంపతులు కలిసి నడిపిన వ్యాపారం, వాళ్లు విడిపోతే ఎవరిదవుతుంది? దీనికి జవాబు చెప్పే చట్టమంటూ దేశమంతటికీ ఒకటి లేదు. విడాకులు ఫ్యామిలీ కోర్టులో, భాగస్వామ్యపు వాటా సాధారణంగా సివిల్ కోర్టులో, జీతం తగాదా కార్మిక శాఖ దగ్గర తేలాలి. విజయవాడలో ఈ చిక్కు ఎలా ఉంటుందో చూడాలంటే గవర్నర్‌పేటకు రావాలి. ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ మధ్య, బీసెంట్ రోడ్డు చుట్టూ ఉన్న కొట్లలో కుటుంబాలు నడుపుకునేవి ఎన్నో.

అలాంటి కొట్టు ఒకటి ఊహించండి. బోర్డు మీద కోడలి పేరు. మధ్యాహ్నం భర్త భోజనానికి వెళ్తే గల్లాపెట్టె తాళం ఆమె చేతికొస్తుంది. చిట్టాలో ఆనాటి అమ్మకాలు, అప్పు పద్దులు రాసేది ఆమే. సంక్రాంతికి ఏ సరుకు ఎంత తెప్పించాలో ఆమెకే తెలుసు. అయినా చట్టం లెక్కలో ఆమె యజమాని కాదు, ఉద్యోగీ కాదు. యజమానితో కలిసి ఉంటూ, అతని మీద ఆధారపడి, జీతం తీసుకోని భార్యను ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ‘ఉద్యోగి’ నిర్వచనం నుంచి పేరు పెట్టి మరీ తప్పించింది. భర్తకూ తోబుట్టువులకూ అదే నియమం. ఇరవై ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్నా ఆ చట్టం కింద ఆమె అడగగలిగేది ఏమీ లేదు. ఇది అన్యాయం.

హిందూ వివాహ చట్టం (1955) కూడా వ్యాపారాన్ని పంచదు. 27వ సెక్షన్ పెళ్లి సందర్భంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల వరకే. 25వ సెక్షన్ శాశ్వత భరణం ఇప్పిస్తుంది, దాన్ని భర్త స్థిరాస్తి మీద తాకట్టులా నిలపవచ్చు కూడా. కొట్టు అద్దెదైతే, వేరే స్థిరాస్తి లేకపోతే, ఆ భద్రతా ఉండదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ప్రకారం దంపతుల ఆస్తి సాధారణంగా ఉమ్మడే. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన కాలిఫోర్నియాలోనూ పెళ్లయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరికీ సగం సగం. ఇక్కడ భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది కానీ, మరుసటి ఏడాది లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది.

కృష్ణా డెల్టాలో ఇంకో ముడి ఉంది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం అమ్మి, ఆ డబ్బు భర్త కొట్టులో పెట్టడం. ఆ పొలం ఆమె స్త్రీధనం. దాని మీద భర్తకు హక్కు లేదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని 2024లో మళ్లీ చెప్పింది. పొలం అమ్మిన దస్తావేజు తేదీ, బ్యాంకులో డబ్బు కదిలిన తేదీ దగ్గరదగ్గరగా ఉంటే ఆమె మాట నిలుస్తుంది. డబ్బు నగదుగా చేతులు మారితే నిరూపించడం చాలా కష్టం.

పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో పేరుంటే సంగతే వేరు. భాగస్వామ్య చట్టం (1932) ముందు ఆమె భార్య కాదు, భాగస్వామి. విడాకులతో ఆ వాటా పోదు. లెక్క తేల్చకుండా ఆమెను పక్కనపెట్టి వ్యాపారం సాగిస్తే, 37వ సెక్షన్ ప్రకారం తన వాటా సొమ్ము మీద వచ్చిన లాభం గానీ, ఏటా 6 శాతం వడ్డీ గానీ కోరవచ్చు. సంస్థ రిజిస్టర్ కాకపోయినా రద్దుకూ లెక్కలకూ దావా వేసే హక్కు ఉంటుంది. ఇందులో అపాయం కూడా ఉంది: పేరు కాగితం మీద మాత్రమే ఉన్నా బ్యాంకు అప్పు, జీఎస్టీ బకాయి ఆమె మెడకూ చుట్టుకుంటాయి. సంతకం పెట్టేముందు డీడ్ మొత్తం చదివించుకోవాలి.

భరణం దగ్గర ఉద్యోగి భార్యకూ కొట్టువాడి భార్యకూ తేడా వస్తుంది. నికర జీతంలో 25 శాతం సబబని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో అంది. కొట్టుకు జీతం చీటీ ఉండదు. అందుకే 2020 నాటి రజ్నేష్ – నేహా తీర్పు ముఖ్యమైంది: ఆస్తులు, అప్పులు, ఆదాయం ఇద్దరూ అఫిడవిట్‌లో చెప్పాలి, భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కించాలి.

కొట్టులో కాకుండా భార్య బయట ఉద్యోగం చేస్తుంటే, మానేసి కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద పిటిషన్ వేసిన భర్తలున్నారు. కాపురం ఎక్కడో నిర్ణయించే హక్కు భర్తదొక్కడిదే కాదని ఢిల్లీ హైకోర్టు 1978లో చెప్పింది. నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి 1983లో ఏకంగా ఆ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ఇంటి చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని, భార్యకు సగం వాటా ఉందని మద్రాసు హైకోర్టు 2023లో ఒక ఆస్తి కేసులో తీర్పిచ్చింది. వేరే రాష్ట్రపు తీర్పు కాబట్టి ఇక్కడి కోర్టులు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు, వాదనకు మాత్రం పనికొస్తుంది. లెక్కల దావాలో కోర్టు నియమించే కమిషనర్ పాత చిట్టాలు, ఆవర్జాలు తెప్పించి చూస్తాడు. జీతం లేకుండా ఆమె చేసిన పనికి ఆ పుస్తకాల్లోని చేతిరాతే సాక్ష్యం.