సేవ లేని నెలల లెక్క: సాఫ్ట్‌వేర్ లైసెన్సుల బకాయి వివాదాలు

కంప్యూటరు ప్రోగ్రాముకు విడిగా వెల కట్టే ఆచారం 1969కి ముందు చాలా అరుదు. ఐబీఎం యంత్రాన్ని నెల అద్దెకు ఇచ్చి, దాన్ని నడిపే ప్రోగ్రాములను, వాటిని సరిదిద్దే ఇంజనీర్ల శ్రమను ఆ అద్దెలోనే కలిపి ఇచ్చేది; అద్దె ఆగితే యంత్రమే వెనక్కి వెళ్లేది కనుక, సేవ నిలిచిపోయిన కాలానికి ప్రోగ్రాము బాపతు ఎంత చెల్లించాలన్న ప్రశ్నకు తావే ఉండేది కాదు. 1956లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన అంగీకార డిక్రీ వల్ల ఆ సంస్థ యంత్రాలను అమ్మకానికి కూడా పెట్టవలసి వచ్చింది. గుత్తాధిపత్య ఆరోపణలు మళ్లీ ముసురుకున్న దశలో, 1969 జూన్ 23న, కొన్ని ప్రోగ్రాములకూ, ఇంజనీరింగ్ సేవలకూ, శిక్షణకూ విడివిడిగా ధరలు నిర్ణయిస్తున్నట్లు ప్రకటించింది. అయితే ఆ ప్రోగ్రాములను అది అమ్మలేదు. నెలసరి రుసుముపై వాడుకునే అనుమతిని, అనగా లైసెన్సును మాత్రమే ఇచ్చింది. తరువాతి అర్ధ శతాబ్దపు బిల్లుల తగాదాలకు బీజం ఈ ఏర్పాటులోనే ఉంది.

తరువాతి దశాబ్దాలలో వ్యాపార సాఫ్ట్‌వేరు విక్రయంలో రెండు రకాల చెల్లింపులు స్థిరపడ్డాయి. ఒకేసారి చెల్లించి ప్రోగ్రామును కాలపరిమితి లేకుండా వాడుకునే శాశ్వత లైసెన్సు మొదటిది. దోషాల సవరణకూ, కొత్త వెర్షన్లకూ, ఫోనుపై సలహాకూ ఏటా చెల్లించే మెయింటెనెన్సు రుసుము రెండవది. ఈ వార్షిక రుసుమును కట్టడం మానినవారికి ప్రోగ్రాము మీద హక్కు పోదు, కేవలం సహాయం ఆగుతుంది. చిక్కంతా వారు తిరిగి వచ్చినప్పుడు మొదలవుతుంది.

ఒరాకిల్ నిబంధనలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఆ సంస్థ వార్షిక సపోర్టు రుసుము లైసెన్సు ధరలో 22 శాతం. సపోర్టు లేకుండా గడిపిన కాలమంతటికీ, ఆఖరుసారి చెల్లించిన వార్షిక రుసుముకు 150 శాతం చొప్పున పునరుద్ధరణ రుసుము కట్టాలని దాని విధానపత్రం చెబుతుంది. కోటి రూపాయల లైసెన్సున్న కంపెనీ ఏడాదికి 22 లక్షలు కట్టడం రెండేళ్లు ఆపిందనుకుంటే, తిరిగి చేరడానికి 66 లక్షలూ, ఆపైన రాబోయే ఏడాది రుసుమూ చెల్లించవలసి ఉంటుంది. మానకుండా కట్టి ఉంటే ఆ రెండేళ్లకూ అయ్యేది 44 లక్షలే. ఎస్‌ఏపీ కూడా తిరిగి వచ్చినవారి నుంచి వెనకటి కాలపు మెయింటెనెన్సును రాబట్టే పద్ధతినే పాటించింది.

విక్రేతల వాదనను తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదు. మూడో ఏట చేతికందే కొత్త వెర్షనులో మొదటి రెండేళ్ల శ్రమ కూడా ఇమిడి ఉంటుంది. వెనకటి రుసుము అడగకపోతే ప్రతి కొనుగోలుదారూ అవసరం పడిన ఏడాది మాత్రమే కట్టి, మిగిలిన ఏళ్ల భారాన్ని క్రమం తప్పకుండా కట్టేవారి మీదికి నెడతాడు. ఈ తర్కం వెనకటి రుసుమును సమర్థిస్తుంది కాని, దానిపై వేసిన అదనపు సగాన్ని సమర్థించలేదు. ఎవరూ ఫోను ఎత్తని, ఎవరూ దోషం సవరించని నెలలకు మామూలు కంటే ఎక్కువ వసూలు చేయడం సేవకు ధర కట్టడం కాదు, బయటికి వెళ్లే దారిని మూయడమే. ఒక లైసెన్సు సముదాయంలో కొన్నిటికి మాత్రమే సపోర్టు మానుకోదలచినవారు ఆ కొన్నిటినీ పూర్తిగా వదులుకోవాలన్న ఒరాకిల్ నిబంధనను దీనితో కలిపి చదివితే ఉద్దేశం మరింత తేటపడుతుంది. 2008లో ఎస్‌ఏపీ తన వార్షిక రుసుమును 17 శాతం నుంచి దశలవారీగా 22కు పెంచబోయినప్పుడు వాడుకరుల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి; 2010 జనవరిలో ఆ సంస్థ తక్కువ ధర సపోర్టును మళ్లీ అందుబాటులోకి తేవలసి వచ్చింది. విక్రేతతో పనిలేకుండా సపోర్టు ఇస్తామన్న రిమినీ స్ట్రీట్ వంటి సంస్థలకు గిరాకీ కలిగింది ఈ అసంతృప్తి నుంచే. రిమినీ స్ట్రీట్ మీద ఒరాకిల్ 2010లో మొదలుపెట్టిన కాపీరైటు వ్యాజ్యం సుదీర్ఘమై, ఖర్చుల లెక్క మీద 2019లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

బకాయి పడినవారి ప్రోగ్రామును దూరం నుంచే నిలిపివేయడం ఇంతకన్నా కఠినమైన మార్గం. 1990 అక్టోబరులో, గిడ్డంగుల సాఫ్ట్‌వేరు సరిగా పనిచేయడం లేదని చెల్లింపు ఆపిన రెవ్లాన్ సౌందర్య సాధనాల కంపెనీలో, ఆ సాఫ్ట్‌వేరు తయారీదారు లాజిస్టికాన్ ఫోను లైను ద్వారా ఆ ప్రోగ్రామును స్తంభింపజేసింది. ఫీనిక్స్, ఎడిసన్ నగరాల్లోని పంపిణీ కేంద్రాలు మూడు రోజుల పాటు కుంటుపడ్డాయి. ఒకరు దాన్ని బలవంతపు వసూలు అన్నారు, మరొకరు తమ సొత్తును తాము స్వాధీనం చేసుకోవడమే అన్నారు. వివాదం కోర్టు బయటే ముగియడం వల్ల ఎవరి మాట నిలుస్తుందో తేలలేదు. మరుసటి ఏడాది మిన్నెసోటాలోని ఫెడరల్ కోర్టు, వ్యవసాయ పరికరాల డీలరు ఒకరి వ్యాజ్యంలో, ఒప్పందంలో ముందే రాసుకున్న అధికారంతో బకాయిదారు సాఫ్ట్‌వేరును ఆపడం తప్పు కాదంది. 1993లో ఇంగ్లండులోని స్కంథార్ప్ మేజిస్ట్రేటు కోర్టు మాత్రం, ముందుగా చెప్పకుండా ఖాతాదారు ప్రోగ్రాములో తాళం పెట్టిన ప్రోగ్రామరును కంప్యూటరు దుర్వినియోగ చట్టం కింద దోషిగా తేల్చింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే, బకాయి ఉందా లేదా అన్నదాని కన్నా ముందస్తు అంగీకారం, హెచ్చరిక ఉన్నాయా లేవా అన్నదే కోర్టుల దృష్టిలో నిర్ణాయకమైందని అర్థమవుతుంది.

కోర్టుకు వెళ్లకుండా తన హక్కును తానే అమలు చేసుకునే ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించే ప్రయత్నం అమెరికాలో 1999లో జరిగింది. యూసిటా అన్న నమూనా చట్టం 15 రోజుల నోటీసుతో విక్రేత దూరం నుంచి సాఫ్ట్‌వేరును నిలిపివేసే వీలు కల్పించింది. వర్జీనియా, మేరీల్యాండ్ రాష్ట్రాలు తప్ప మరెవరూ దాన్ని ఆమోదించలేదు. అయోవా వంటి రాష్ట్రాలు తమ పౌరుల మీద అది వర్తించకుండా రక్షణ చట్టాలే చేశాయి. 2002లో ఆ వెసులుబాటును సవరణతో తొలగించినా ఫలితం లేకపోయి, 2003లో రూపకర్తలే దాని ప్రచారాన్ని విరమించుకున్నారు.

చట్టసభల్లో దొరకని ఆ అధికారం వ్యాపార పద్ధతి మారడంతో విక్రేతలకు అడగకుండానే దక్కింది. 2013 మేలో అడోబీ తన ప్రధాన సాఫ్ట్‌వేరులో కొత్త వెర్షన్లను ఇకపై చందా మీదే ఇస్తామని ప్రకటించింది. చందాలో గడువు దాటితే ప్రోగ్రాము తనంతట తానే ఆగుతుంది కనుక ప్రత్యేకంగా తాళం వేయవలసిన పని లేదు. తగాదా కూడా తలకిందులైంది: పూర్వం కట్టడం మానినా ప్రోగ్రాము నడిచేది, ఇప్పుడు ప్రోగ్రామును వదిలినా బిల్లు నడుస్తుంది. ఏడాది ఒప్పందాన్ని నెలవారీగా కడుతూ మధ్యలో మానినవారి నుంచి మిగిలిన మొత్తంలో సగం వసూలు చేసే షరతును సరిగా వెల్లడించలేదంటూ, 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు మేరకు అడోబీ మీద దావా దాఖలైంది.

భారతదేశంలో ఈ తగాదాల వెనకున్న, సాఫ్ట్‌వేరు సరుకా సేవా అన్న ప్రశ్న పన్నుల రూపంలో కోర్టుకెక్కింది, అదీ తెలుగు నేల నుంచే. రెడీమేడ్ సాఫ్ట్‌వేరు ప్యాకేజీల మీద ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద విధించిన పన్నును టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సవాలు చేయగా, 2004 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, సీడీ వంటి మాధ్యమంలోకి ఎక్కించి అమ్మిన సాఫ్ట్‌వేరు సరుకే అవుతుందని తీర్పు చెప్పింది. సరుకైతే కొన్నవాడి నుంచి దాన్ని లాక్కోరాదు. సేవ అయితే అందని నెలలకు డబ్బు అడగరాదు. పన్ను కోసం తేల్చిన ఈ భేదాన్ని బిల్లుల తగాదాలకు అన్వయించే అవకాశం 2025 జూలైలో వచ్చినట్లే వచ్చింది. యూరోపియన్ యూనియన్ ఆంక్షల నేపథ్యంలో మైక్రోసాఫ్ట్ తమకు సేవలను నిలిపివేసిందనీ, లైసెన్సులకు పూర్తిగా డబ్బు చెల్లించామనీ చెబుతూ చమురు శుద్ధి సంస్థ నయారా ఎనర్జీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రోజుల వ్యవధిలోనే సేవలు పునరుద్ధరించడంతో కేసు ముగిసింది. ముందుగా పూర్తి సొమ్ము పుచ్చుకున్న విక్రేతకు మధ్యలో సేవ ఆపే హక్కు ఎంతవరకు ఉందన్నది కోర్టు తేల్చవలసిన అవసరం రాలేదు.