సంస్థాగత ఎన్నికలు: ఉరవకొండ, అనంతపురం ప్రాంత చరిత్ర

రాజకీయ పార్టీ సభ్యులు తమ కమిటీలనూ అధ్యక్షులనూ ఓటు వేసి ఎన్నుకోవడాన్ని తెలుగునాట సంస్థాగత ఎన్నికలు అంటారు. అనంతపురం జిల్లాలో వీటికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. కాంగ్రెస్ తొలి మహాసభకు వెళ్ళిన ప్రతినిధుల్లో ఒకరు గుత్తివారు. ఆ పార్టీకి జాతీయ అధ్యక్షుడైన నీలం సంజీవరెడ్డిది ఇల్లూరు. కమ్యూనిస్టు పార్టీ రాష్ట్ర శాఖలో మెజారిటీ కూడగట్టి కేంద్ర నాయకత్వాన్ని ఎదిరించిన తరిమెల నాగిరెడ్డిది తరిమెల. ఈ మూడూ ఈ జిల్లా ఊళ్ళే. పార్టీ లోపల ఓటుకు ఎంత బలం ఉంటుందో తెలుసుకోవడానికి ఈ కరువు సీమ చరిత్రను మించిన ఉదాహరణ ఆంధ్ర దేశంలో అరుదు.

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని పార్టీ ఓటర్లే ప్రైమరీలో ఎంచుకుంటారు. చాలా రాష్ట్రాల్లో ఓటరుగా నమోదయ్యేటప్పుడే పౌరుడు తన పార్టీ పేరు రాయించుకుంటాడు. ప్రైమరీని ఎక్కువగా ప్రభుత్వ యంత్రాంగమే నడుపుతుంది. కొన్ని చోట్ల పార్టీ స్థానిక కమిటీ సభ్యుల పేర్లు కూడా అదే బ్యాలెట్ మీద ఉంటాయి. మన దేశంలో పార్టీ లోపలి ఎన్నిక పూర్తిగా పార్టీ సొంత వ్యవహారం. ఎవరు సభ్యులో, ఎవరికి ఓటుందో, పెట్టె ఎప్పుడు తెరుస్తారో చెప్పేది పార్టీ నిబంధనావళే.

నాలుగణాల ఓటు

1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభలో 72 మంది ప్రతినిధులు కూర్చున్నారు. వారిలో గుత్తి నుంచి పి. కేశవపిళ్ళె, బళ్ళారి నుంచి సభాపతి మొదలియార్ ఉన్నారు. ఉరవకొండకు అటు బళ్ళారి, ఇటు గుత్తి. అంటే ఈ ప్రాంతానికి రెండు వైపులా కాంగ్రెస్ మొదటి రోజు నుంచే ఉంది. అయితే ఆ ప్రతినిధులను సభ్యులెవరూ ఓటు వేసి పంపలేదు. పట్టణాల్లోని సంఘాలు, వకీళ్ళు, పత్రికలవాళ్ళు తమలో ఒకరిని పంపేవారు. కేశవపిళ్ళె గుత్తిలో ప్రజా సంఘాన్ని నడిపినవారు, హిందూ పత్రికకు వార్తలు రాసినవారు.

ఆ పద్ధతిని 1920 నాగపూర్ మహాసభ మార్చేసింది. గాంధీ పూనికతో తయారైన కొత్త నిబంధనావళి ప్రకారం నాలుగణాల చందా కట్టి, కాంగ్రెస్ ఆశయాన్ని ఒప్పుకున్న వయోజనులు ఎవరైనా సభ్యులే. గ్రామ కమిటీ, తాలూకా కమిటీ, జిల్లా కమిటీ, ఆ పైన భాషను బట్టి ఏర్పడిన రాష్ట్ర కమిటీ. ప్రతి 50,000 జనాభాకు ఒక ప్రతినిధి. ఆంధ్రకు వేరే రాష్ట్ర కమిటీ అప్పటికే, 1918లో ఏర్పడి ఉంది.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. ఆ రోజుల్లో మద్రాసు శాసనమండలికి ఓటు వేయాలంటే ఆస్తి ఉండాలి, పన్ను కడుతూ ఉండాలి. సెంటు భూమి లేని కూలికి సర్కారు ఓటు లేదు. నాలుగణాలు కడితే మాత్రం కాంగ్రెస్ ఓటు ఉంది. వాన రాని ఏడు పావలా చిన్న మొత్తం కాదన్నది నిజమే. అయినా, ఆస్తి లేని తెలుగువాడికి కాగితం మీద దక్కిన తొలి రాజకీయ ఓటు ఇదేనని చెప్పడంలో అతిశయోక్తి లేదు. 1921 మార్చి నెలాఖరులో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టింది. అప్పటి నుంచి రసీదు పుస్తకం చంకన పెట్టుకుని ఊళ్ళు తిరగడం కార్యకర్త పనిలో భాగమైంది.

1924లో ఈ ఓటుకు మరో షరతు చేరింది. సభ్యత్వం నిలవాలంటే నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్నారు. అది ఏడాది తిరగకుండానే సడలిపోయింది.

భాషను బట్టి కమిటీలు ఏర్పడేసరికి ఈ సరిహద్దు ప్రాంతంలో కొత్త చిక్కు వచ్చింది. బళ్ళారి జిల్లా కాంగ్రెస్ ఎవరిది, ఆంధ్రదా, కర్ణాటకదా? ఇరు కమిటీలూ పట్టుబట్టడంతో 1921లో కాంగ్రెస్ ఎన్.సి. కేల్కర్‌ను మధ్యవర్తిగా పెట్టింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర కాంగ్రెస్‌కు, మిగిలినవి కర్ణాటక కాంగ్రెస్‌కు అని ఆయన తేల్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ మూడు తాలూకాలే ఆంధ్రకు వచ్చాయి. పార్టీ కమిటీల కోసం గీసిన గీత ముప్పై ఏళ్ళ తర్వాత రాష్ట్రాల సరిహద్దు అయింది. సంస్థాగత ఎన్నికలను పార్టీవాళ్ళ ఇంటి గొడవగా కొట్టిపారేసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అధ్యక్ష పదవికి పోటీ

1934 వరకు కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి రాష్ట్ర కమిటీల సూచనలను బట్టి నిర్ణయించేవారు. 1934 బొంబాయి మహాసభ తర్వాత ప్రతినిధులే నేరుగా ఓటు వేసే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో దేశాన్ని కుదిపిన పోటీ 1939 జనవరి 29న జరిగింది. సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377 ఓట్లు వచ్చాయి. ఆంధ్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది పట్టాభి వైపే నిలిచారు. ఆ ఓటమి తనదేనని గాంధీ ప్రకటించారు. కొద్ది నెలల్లోనే బోస్ పదవి వదులుకోవలసి వచ్చింది. ఓటు గెలిచినా సంస్థ గెలవనివ్వకపోవడం అనే రోగం అప్పుడే మొదటిసారి బయటపడింది. 1948లో పట్టాభి పురుషోత్తమ దాస్ టాండన్ మీద స్వల్ప ఆధిక్యంతో గెలిచి ఆ పదవి అందుకున్నారు.

ఈ కాలంలో ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ కార్యదర్శిగా పదేళ్ళు పనిచేసినవారు ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. తాలూకా కమిటీల జాబితాలు, ప్రతినిధుల పేర్లు, చందా లెక్కలు ఆ పదవిలోని వారికి కరతలామలకం. ఆ అనుభవం 1951లో అక్కరకు వచ్చింది. ఆంధ్ర ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి ఆయన ఆచార్య ఎన్.జి. రంగాతో తలపడ్డారు. రైతు నాయకుడిగా రంగా పేరు ఎంత పెద్దదైనా, ఓటు ఉన్నది కమిటీ సభ్యులకే. సంజీవరెడ్డి నెగ్గారు. రంగా పార్టీని వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ప్రకాశం పంతులు కూడా బయటికి వెళ్ళి ప్రజాపార్టీలో ఉన్నారు.

దీని ఫలితం మరుసటి ఏడాది సాధారణ ఎన్నికల్లో కనపడింది. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కాంగ్రెస్ గెలిచినవి 40. కమ్యూనిస్టులు 41 గెలిచారు. అనంతపురంలో సంజీవరెడ్డి స్వయంగా తన బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. లోపలి ఓటులో ఓడినవారిని ఇంట్లో ఉంచుకోలేని పార్టీ బయటి ఓటులో ఎలా దెబ్బతింటుందో ఈ రెండేళ్ళూ చూపించాయి.

ఆ తర్వాత సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలి 1960లో కాంగ్రెస్ జాతీయ అధ్యక్షులయ్యారు. 1962లో ఆ పదవి కర్నూలు జిల్లాకు చెందిన దామోదరం సంజీవయ్యకు వచ్చింది. ఆ స్థానం అందుకున్న తొలి దళితుడు ఆయన. రెండు కరువు జిల్లాల నుంచి వరుసగా ఇద్దరు జాతీయ అధ్యక్షులు. రాయలసీమకు అంతటి ప్రాధాన్యం ఏ పార్టీలోనూ మళ్ళీ రాలేదు. కానీ వారిద్దరి ఎంపికలోనూ పోటీ లేదు.

తరిమెల దారి

కమ్యూనిస్టు పార్టీల్లో పద్ధతి వేరు. శాఖా మహాసభ, మండల మహాసభ, జిల్లా మహాసభ, రాష్ట్ర మహాసభ, ఆ పైన జాతీయ మహాసభ. కింది మహాసభ పై మహాసభకు ప్రతినిధులను ఎన్నుకుంటుంది. దిగిపోయే కమిటీ ఒక ప్యానెల్ ప్రతిపాదిస్తుంది. దానికి అదనంగా ఎవరైనా నిలబడితే రహస్య బ్యాలెట్ పెడతారు. సాధారణంగా ప్యానెల్ నెగ్గుతుంది. నిర్ణయం అయ్యాక కింది కమిటీ పై కమిటీకి లోబడాలి.

ఈ పద్ధతికి 1968లో పరీక్ష ఎదురైంది. మార్క్సిస్టు పార్టీ కేంద్ర కమిటీ సిద్ధాంత ముసాయిదాను పాలకొల్లులో జరిగిన ఆంధ్ర ప్లీనం తోసిపుచ్చింది. తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి వైపు రాష్ట్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది నిలిచారు. బర్ద్వాన్‌లో జరిగిన జాతీయ ప్లీనంలో మాత్రం కేంద్ర కమిటీ మాటే నెగ్గింది. ఆ ఏడాదే నాగిరెడ్డి వర్గం పార్టీకి దూరమైంది. 1969లో ఆయన శాసనసభ సభ్యత్వాన్నీ వదిలేశారు. దారి ఏదైనా, ఒక రాష్ట్ర శాఖ ప్రతినిధులు కేంద్ర నాయకత్వానికి ఎదురు ఓటు వేయగలిగారు. అలాంటి ఘటన తెలుగునాట మరో పార్టీలో వెతికినా దొరకదు.

పై నుంచి వచ్చే పేరు

1972 తర్వాత కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు రెండు దశాబ్దాలు ఆగిపోయాయి. కింది స్థాయి నుంచి రాష్ట్రం దాకా అడ్‌హాక్ కమిటీలు వచ్చాయి. ముఖ్యమంత్రి ఎంపికకు పరిశీలకుడు హైదరాబాద్ వచ్చి ఎమ్మెల్యేల అభిప్రాయం అడిగి వెళ్ళేవాడు. పేరు మాత్రం సీల్డ్ కవర్‌లో ఢిల్లీ నుంచి దిగేది. 1978కీ 1983కీ మధ్య రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఆ అసహనమే 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు పెట్టిన తెలుగుదేశం పార్టీకి ఊపిరి పోసింది.

1992 ఏప్రిల్‌లో కాంగ్రెస్ తిరుపతి ప్లీనరీలో పి.వి. నరసింహారావు వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరిపించారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటివారు బలంగా గెలిచారు. గెలిచినవారిలో మహిళలు, దళితులు లేరన్న కారణం చూపి రాజీనామాలు చేయించి, కమిటీని మళ్ళీ కూర్చారు. కారణం న్యాయమైనదే. మందు మాత్రం ఎన్నికనే మింగేసింది. స్థానాలు రిజర్వు చేసి మళ్ళీ ఓటు పెట్టి ఉంటే ఆ ఉద్దేశం నెరవేరేది, ఓటూ నిలిచేది.

తెలుగుదేశంలో గ్రామ, మండల, జిల్లా కమిటీలు మహానాడు అనే పార్టీ మహాసభకు ముందు ఏర్పడతాయి. జాతీయ అధ్యక్షుణ్ణి రెండేళ్ళకోసారి మహానాడులో ఎన్నుకుంటారు. 1995 నుంచి చంద్రబాబు నాయుడే ఆ పదవిలో ఉన్నారు. 2025 మేలో కడప మహానాడు కూడా ఆయననే ఎన్నుకుంది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలు తెచ్చినప్పుడు అన్ని పార్టీల కమిటీలూ మండలాల వారీగా మారాయి. ఉరవకొండ మండల కేంద్రమైంది. నేడు ఈ నియోజకవర్గం ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు, బెళుగుప్ప, కూడేరు మండలాలతో ఉంది.

వంద రూపాయల సభ్యత్వం తీసుకున్న తెలుగుదేశం కార్యకర్తకు ప్రమాద బీమా ఉంది. కుటుంబానికి అది నిజమైన ఆసరా. మండల అధ్యక్షుడి పేరు మాత్రం ఎక్కువ సందర్భాల్లో ఏకాభిప్రాయంతోనే తేలుతుంది. అభ్యర్థి ఎంపికలో ఈ ఊళ్ళవారికి ప్రైమరీకి కాస్త దగ్గరగా వచ్చినది ఫోన్ సర్వే. రికార్డు చేసిన గొంతు పేర్లు చదువుతుంది, నచ్చినవారికి ఒక అంకె నొక్కాలి. ఎన్ని నొక్కులు ఎవరికి పడ్డాయో నొక్కినవారికి తెలియదు.

వైఎస్సార్ కాంగ్రెస్ 2022 జులై ప్లీనరీలో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డిని శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటించే నిర్ణయం తీసుకుంది. ఏ పదవీ శాశ్వతం కాకూడదని ఎన్నికల సంఘం అదే ఏడాది సెప్టెంబరులో అభ్యంతరం తెలిపింది.

అయితే ఎన్నికల సంఘం చేయగలిగింది తక్కువ. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ పార్టీల నమోదుకు సంబంధించినది. నమోదు సమయంలో ఇచ్చిన హామీని తప్పిన పార్టీ నమోదును రద్దు చేసే అధికారం సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలో చేర్చాలని 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ కమిషన్‌కు నాయకత్వం వహించినది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అది చట్టం కాలేదు.

2022 అక్టోబరు 17

ఇరవై రెండేళ్ళ తర్వాత కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ నిలబడ్డారు. ఓటర్లు బ్లాకుల నుంచి వచ్చిన రాష్ట్ర కమిటీ ప్రతినిధులు, సుమారు 9,900 మంది. రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర ఆ వారమే అనంతపురం జిల్లా డి.హిరేహాళ్ మీదుగా బళ్ళారి చేరింది. అందుకని యాత్రలో ఉన్న నలభై మంది దాకా ప్రతినిధుల కోసం బళ్ళారి పక్కన సంగనకల్లు శిబిరంలోనే పోలింగ్ కేంద్రం పెట్టారు. ఉరవకొండ నుంచి విడపనకల్లు మీదుగా వెళ్ళే బళ్ళారి దారి చివర, ఒక జాతీయ పార్టీ అధ్యక్ష ఎన్నికకు ఓటు పడింది.

ఓటర్ల జాబితా బయటపెట్టాలని థరూర్ వర్గం కోరింది. దాన్ని అభ్యర్థులు చూసుకోవడానికి మాత్రమే వీలిచ్చారు. మొదట అభ్యర్థి పేరు ఎదుట 1 అంకె వేయమన్నారు, థరూర్ వర్గం అభ్యంతరంతో టిక్కు గుర్తుగా మార్చారు. ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా అన్ని పెట్టెల కాగితాలనూ ఢిల్లీలో కలిపి లెక్కపెట్టారు. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072, చెల్లనివి 416. ఆ నెల 26న ఖర్గే బాధ్యతలు తీసుకున్నారు.

ఉరవకొండలో గెలిచిన పార్టీ రాష్ట్రంలో అధికారంలోకి రాదని ఒక నానుడి ఉండేది. 1999 నుంచి 2019 వరకు వరుసగా ఐదు ఎన్నికల్లో అదే జరిగింది. 2024లో తెలుగుదేశం తరఫున పయ్యావుల కేశవ్ గెలవడం, ఆ పార్టీయే అధికారంలోకి రావడంతో అది చెరిగిపోయింది. రాష్ట్రమంతా ఒక వైపు మొగ్గినప్పుడు మరోవైపు ఓటు వేయగల ఊరికి, తన మండల అధ్యక్షుణ్ణి తాను ఎంచుకోవడం చేతకాదని ఎవరూ అనలేరు. మండల స్థాయిలో ప్రతి పార్టీ తన ఓటర్ల జాబితాను కార్యాలయం గోడకు అంటించి, రహస్య బ్యాలెట్ పెట్టాలి.

ఈ చరిత్రకు మూలాధారాలు నాలుగణాల రసీదులు, తాలూకా కమిటీ మినిట్స్ పుస్తకాలు, మహాసభల ప్రతినిధి కార్డులు. ఉరవకొండ, గుత్తి, రాయదుర్గం ప్రాంతాల ఇళ్ళలో పాత ట్రంకు పెట్టెలు సర్దేటప్పుడు అలాంటి కాగితం కనపడితే పాత పేపర్లతో పాటు తూకానికి వేయకండి. దగ్గరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.